చిట్టబ్బాయి కాలు, జమాల్ చెయ్యి

జమాల్ చేతుల గురించి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. తాలింఖానాలో కుస్తీ పట్టినన్నాళ్లూ అతను చెయ్యి వేస్తే అవతలివాడు విడిపించుకున్నది లేదు. ఆ తర్వాత ఏమయిందో ఏమో, కుస్తీ మానేసి కాలువ గట్టు మీది దర్గాలో మదార్ షా బాబాకి శిష్యుడిగా చేరాడు. పొద్దున్నే లేచి ఊడ్చేవాడు, నీళ్లు తోడేవాడు, వచ్చినవాళ్లకి సేవ చేసేవాడు. నడుం పట్టేసిందని ఒకరు, మెడ తిరగడం లేదని ఇంకొకరు వచ్చి కూర్చునేవాళ్లు. జమాల్ ఓ పట్టు పట్టేవాడు. వాళ్లు కెవ్వుమని ఒక్క కేక పెట్టి, లేచి, నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి చేతులు దర్జీ చిట్టబ్బాయి కాలు దగ్గర ఓడిపోయాయి. అప్పట్నుంచీ జమాల్‌కి అన్నం సయించలేదు.

చిట్టబ్బాయిది బోదకాలు. కోనసీమలో పుట్టినవాళ్లకి ఆ జబ్బు గురించి చెప్పక్కర్లేదు. ఎటు చూసినా నీళ్లు, ఆ నీళ్ల మీద దోమలు, ఇంటికో వీధికో ఒక వాచిన కాలు. ముందు కుడి పాదం బరువెక్కింది, తర్వాత చీలమండ కనపడకుండా పోయింది, ఆఖరికి పాదం కుట్టుమిషను పెడల్ మీద ఆననంత అయింది. మిషన్లకి కరెంటు మోటార్లు రాని రోజులవి. కాలు ఆడితేనే సూది ఆడేది. ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి ఇంటి అరుగు మీద కాలు చాపుకుని వచ్చేపోయేవాళ్లని చూస్తూ కూర్చోవడం మొదలెట్టాడు.

ఏటా ఉరుసుకి సమాధి మీద కప్పే పచ్చ చాదర్ కుట్టేది ఆయనే. మిషను మీద వినాయకుడి పటం, మిషను కింద దర్గా చాదర్. ఇందులో వింతేముందో ఆ ఊరివాళ్లకి ఎవరైనా చెబితే తప్ప తెలియదు. వాళ్ల నాన్న కుట్టాడు, ఈయన కుడుతున్నాడు, అంతే.

ఒక గురువారం సాయంత్రం ఫాతిహా ప్రార్థన అయ్యాక జనం ఇంకా కూర్చునే ఉన్నారు. చిట్టబ్బాయి కర్ర ఊతంతో వచ్చి, ఈ ఏడు చాదర్ గుడ్డ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండని బాబాకి చెప్పాడు. మామూలుగా చెబుదామనే వచ్చాడు కానీ సగంలోనే మాట ఆపేశాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

జమాల్‌కి అది చూసి మనసు ఆగలేదు. అందరి మధ్యా లేచి నిలబడ్డాడు.

"ఇంకెవరికో ఎందుకు మావయ్యా? ఉరుసు నాటికి నిన్ను మిషను మీద కూర్చోబెట్టే పూచీ నాది."

బాబా అప్పుడు సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. జనమంతా జమాల్ చేతులకేసి చూశారు. బాబా ఒక్కడే అతని మొహంకేసి చూసి, మళ్లీ టీ ఊదుకున్నాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అది ఉత్త గర్వం కాదు. తల్లి పోయిన ఏటినుంచీ రంజానుకి జమాల్ ఒంటిమీదికి కొత్త చొక్కా ఎక్కణ్ణుంచి వచ్చేదో ఊరందరికీ తెలుసు. చిట్టబ్బాయి మాత్రం ఏమీ ఎరగనట్టే ఉండేవాడు. ఆ చొక్కాలు తొడుక్కుని పెరిగినవాడు ఊరుకుంటాడా? ప్రేమ నిండుగానే ఉంది, దాని పక్కనే గర్వమూ ఉంది. ఏది ఎంతో జమాల్‌కే తెలియదు.

చిట్టబ్బాయిని దర్గా వసారాలోనే ఉంచేసుకున్నాడు. తెల్లారగానే నువ్వులనూనెలో కర్పూరం వేసి కాచేవాడు. పాదం దగ్గర మొదలెట్టి, రెండు బొటనవేళ్లూ కండలో దిగేలా నొక్కుకుంటూ పైకి తోసేవాడు. చిట్టబ్బాయి తువ్వాలు నోట్లో కుక్కుకుని ఓర్చుకునేవాడు. కుర్రాడు ఇంత కష్టపడుతుంటే నొప్పి అనడం బావుండదని ఆయన మొహమాటం. వేళ్లు దిగినచోట గుంటలు పడేవి. సాయంత్రానికి ఆ గుంటలు పూడిపోయి కాలు ఎప్పటిలాగే ఉండేది.

బలం చాల్లేదనుకున్నాడు జమాల్. కుస్తీ పట్టినవాడికి ఇంకోలా ఎలా తోస్తుంది? కొబ్బరి పీచు తెచ్చాడు, రాళ్లుప్పు తెచ్చాడు. కాలు ఎర్రబడేదాకా రుద్ది, ఎర్రబడితే రక్తం కదిలిందని సంబరపడ్డాడు. బాబా అటువైపు వెళ్తూ ఓ క్షణం ఆగి, "మెల్లగా, బేటా," అన్నాడు. "అలాగే బాబా," అన్నాడు జమాల్. అని, చెయ్యి మాత్రం ఆపలేదు.

ఒక రోజు పొద్దున్న చిట్టబ్బాయి లేవలేదు. దుప్పటి కప్పితే దుప్పటితో సహా వణికిపోతున్నాడు. కాలు ముట్టుకుంటే కాలిపోతోంది, మోకాలి కింద నుంచి ఎర్రటి చార ఒకటి పైకి పాకింది. గజ్జల్లో నిమ్మకాయంత బిళ్ళ కట్టింది. అది తగిలితే చాలు మనిషి విలవిల్లాడిపోతున్నాడు.

జమాల్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ బిళ్ళను చూడగానే మాత్రం, దొరికింది ముద్దాయి అనుకున్నాడు. ఇన్నాళ్లూ నీరు పైకి పోకుండా అడ్డం పడింది ఇదేనన్నమాట. బిళ్ళ కడితే వేడి ఆముదం రాసి కరిగేదాకా రుద్దాలని అక్కడ చేరినవాళ్లూ అన్నారు. ఆముదం వేడి చేసి, వేళ్లు ముంచి, బిళ్ళ మీదికి చెయ్యి చాపాడు.

బాబా ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఎండుపుల్లలాంటి వేళ్లు అవి. జమాల్ ఓ విదిలింపు విదిలిస్తే ఊడిపోతాయి. కానీ అతను కదల్లేదు.

"అదేంటనుకుంటున్నావు?" అన్నాడు బాబా.

"జబ్బు, బాబా. అడ్డం పడి కూర్చుంది."

"కాదు, బేటా. దొంగ కింద ఎక్కడో దూరాడు. ఇతను మన కాపలావాడు. దారిలో దొంగని పట్టుకుని పెనుగులాడుతున్నాడు. నువ్వు వచ్చి కాపలావాణ్ణి కొడతానంటావేం?"

అని, నేలమీద చతికిలబడి చిట్టబ్బాయి పాదం తన ఒళ్లో పెట్టుకున్నాడు. కాలివేళ్లు ఒక్కొక్కటే విడదీశాడు. చిటికెన వేలి సందులో చర్మం తెల్లగా నాని పగిలిపోయి ఉంది. దాని చుట్టూ, పాదం మీదంతా, పీచు గీసిన సన్నటి ఎర్రగీతలు. బాబా వాటిని చూపించలేదు. తన ఉత్తరీయం కొసతో ఆ వేలిసందు తడి అద్దుతూ కూర్చున్నాడు, అంతే. ఆ గీతలు ఎవరు పెట్టినవో జమాల్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

వెంటనే రిక్షా పిలిపించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు హైమవతి గారు ఇంజక్షన్ ఇచ్చి, మందులు రాసి, కొబ్బరి పీచు సంగతి వినగానే జమాల్‌ని నలుగురిలో ఉతికి ఆరేసింది. తీరా చూస్తే ఆ కొండంత మనిషి మూల నిలబడి కన్నీళ్లు మింగుకుంటున్నాడు. ఆవిడ గొంతు తగ్గించి, దగ్గరికి రమ్మని, చిట్టబ్బాయి ఒంటి మీద వేలుతో దారి గీస్తూ వివరంగా చెప్పింది.

రక్తాన్ని తోసేందుకు గుండె ఉంది. ఆ రక్తంలోంచి కండల్లోకి నీరు ఊరుతుంది. మిగిలిన నీటిని పోగుచేసి వెనక్కి తీసుకెళ్లే సన్నటి దారులు ఒంటినిండా వేరే ఉన్నాయి. ఆ నీటిని పుస్తకాల్లో శోషరసం అంటారు. దాన్ని తోసే గుండె లేదు. ఆ గొట్టాలే కొంచెం కొంచెం ముడుచుకుంటూ నడిపిస్తాయి. మనిషి నాలుగడుగులు వేస్తే, గట్టిగా ఊపిరి తీస్తే, అది ఇంకాస్త సాగుతుంది. దారి పొడుగునా గజ్జల్లో, చంకల్లో, మెడలో చిక్కుడుగింజల్లాంటి బిళ్ళలు ఉంటాయి. నీటితోపాటు వచ్చే క్రిముల్ని అక్కడే ఆపి, ఇవి ఎలాంటివో పోల్చుకుని, వాటితో పోరాడే కణాల్ని పెంచుతాయి. పోరు ముదిరితే వాచి నొప్పెడతాయి. చివరికి ఆ నీరంతా మెడ కింద, కాలరు ఎముక వెనక, మళ్లీ రక్తంలో కలుస్తుంది. దోమకాటుతో చేరిన పురుగులు చిట్టబ్బాయి కాల్లో ఆ దారుల్ని పాడుచేశాయి. నీరు నిలిచిపోయింది, నిలిచినచోట చర్మం పగిలింది, పగిలినచోట క్రిములు దూరాయి.

జ్వరం పోయేదాకా ఆ కాలు ముట్టుకోవద్దంది. పోయాక రోజూ సబ్బుతో కడిగి, వేలిసందులు పొడిగా తుడిచి, మందు రాసి, కాలు ఎత్తులో పెట్టమంది. తాను సరేనన్నాక తేలిగ్గా నిమరొచ్చంది. ఇంత చెప్పినా అప్పటికి జమాల్ చెవుల్లో నిలిచింది ముట్టుకోవద్దన్న ఒక్క మాటే.

జ్వరం దిగింది. బిళ్ళ మెత్తబడి, తగ్గి, మాయమైంది. మళ్లీ ఆసుపత్రికి వెళ్తే డాక్టరుగారు చూసి, ఇక నిమరడం మొదలెట్టుకోవచ్చు అని పంపించింది. అందరూ సంతోషించారు. జమాల్ ఒక్కడూ ఆ మర్నాడు తన బట్టలు మూట కట్టుకుని బాబా ముందుకొచ్చాడు. ఉరుసు దగ్గర పడుతోంది. చిట్టబ్బాయి ఇంకా మంచం మీదే ఉన్నాడు.

"నేను తాలింఖానాకి పోతాను, బాబా," అన్నాడు. "నా చేతులు పడగొట్టడానికే పుట్టాయి. మావయ్యని చంపేసేవాణ్ణి."

ముందు రోజు సాయంత్రం నుంచీ వాన. పొద్దున్నే వెలిసింది కానీ దర్గా ముంగిట్లో పాదాలు మునిగేంత నీళ్లు నిలిచాయి. పందిరి వెయ్యాల్సిన చోటు అది. బాబా మూటకేసి చూశాడు, ముంగిటికేసి చూశాడు.

"వెళ్దువుగాని. ఆ నీళ్లు కాస్త బయటికి పంపించి వెళ్లు," అన్నాడు.

జమాల్ మూట వసారా గట్టుమీద పెట్టి, పంచె ఎగ్గట్టి, ఓ పొడుగాటి చెక్క పట్టుకుని నీళ్లలోకి దిగాడు. దిగి, తోశాడు. బలవంతుడు తోస్తే మాటలా? నీళ్లు ఒక్క ఉదుటున వెళ్లి ప్రహరీగోడకి కొట్టుకుని, తిరిగొచ్చి అతని కాళ్లనే చుట్టుకున్నాయి. మళ్లీ తోశాడు. మళ్లీ వచ్చాయి. గోడ దాకా తరిమాడు. అటూ ఇటూ చీలి వెనకనించి వచ్చాయి. లోపలి దుఃఖమంతా నీళ్ల మీద చూపిస్తున్నట్టుంది. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, ముంగిలి మాత్రం ఉన్నట్టే ఉంది.

వసారాలో దిండ్ల మీద కాలు పెట్టుకుని కూర్చున్న చిట్టబ్బాయి ఇక ఉండబట్టలేక నవ్వాడు.

"నీళ్లతో కుస్తీ ఏంట్రా, జమాలూ. వాటికి వీపు ఎక్కడుందని నేలకి ఆనిస్తావు?"

జమాల్ చెక్క పట్టుకుని ఆగిపోయాడు. ఎంత వస్తాదయినా పుట్టింది కాలువల దేశంలో. మురుగు కాలువ మూసుకుపోతే పొలంలో నిలబడి నీళ్లు గెంటే రైతు ఎక్కడైనా ఉంటాడా? పోయి కింద తూము చూసుకుంటారు. ఊళ్లో ఏ పసివాణ్ణి అడిగినా చెబుతాడు.

చెక్క అక్కడే పడేసి బయటికి నడిచాడు. గోడ వెంబడే వెళ్లి, తూము మురుగు కాలువలో కలిసేచోట మోకాళ్ల మీద కూర్చున్నాడు. గుర్రపుడెక్క, ఎండాకులు, ఎవరిదో తెగిన చెప్పు, అన్నీ గొంతుకడ్డం పడి ఉన్నాయి. చేత్తో తీసేశాడు. లోపల ఎక్కడో గుటకేసినట్టు చప్పుడైంది. అక్కణ్ణుంచి వెనక్కి, ముంగిటివైపు, ఒక్కో అడుగే ఆకులు తీసుకుంటూ వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి నీళ్లు వాటంతట అవే సాగి పోతున్నాయి. తొయ్యడానికి ఏమీ మిగల్లేదు.

జమాల్ ఆ పోయే నీళ్లని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. బాబా తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉన్నాడు.

తర్వాత జమాల్ చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వసారాలోకి వచ్చి చిట్టబ్బాయి పక్కన కూర్చున్నాడు. కాలి దగ్గర కాదు, తల దగ్గర. ఆసుపత్రిలో డాక్టరుగారి వేలు చివరికి ఆగిన చోట, కాలరు ఎముక పైనుండే గుంటలో, రెండు చేతులూ ఆనించాడు.

"ఒరే, జబ్బు కాలికిరా," అన్నాడు చిట్టబ్బాయి.

"తెలుసు మావయ్యా."

తెలిసింది సగమే. వేళ్లకి పాత అలవాటు పోలేదు. నాలుగుసార్లు నిమిరేసరికి చిట్టబ్బాయి భుజం ముడుచుకున్నాడు. జమాల్ భయపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ పెట్టడానికి ధైర్యం చాల్లేదు. పెట్టకపోతే మావయ్య మంచం మీదే ఉండిపోతాడు. చేతులు గాల్లో అలాగే ఉన్నాయి.

అప్పుడు వెనకనుంచి ఒక అరచెయ్యి వచ్చి అతని మెడ మీద ఆనింది. బాబాది. నొక్కలేదు. చర్మాన్ని మాత్రం, నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి సర్దినట్టు, మెల్లగా కిందికి జరిపి వదిలేసింది. మళ్లీ జరిపింది, మళ్లీ వదిలింది. ఎక్కడా తొందర లేదు. ఆ చేతికి బరువంటూ ఉందా అనిపించింది జమాల్‌కి. ఆసుపత్రి మూల నిలబడ్డ రోజు నుంచీ గొంతులో ఉండకట్టుకుపోయినదేదో ఆ చెయ్యి కిందనుంచే కదిలింది. ఎన్నాళ్ల ఏడుపో, చప్పుడు లేకుండా చెంపల మీద కారిపోయింది. తుడుచుకోలేదు. బాబా చెయ్యి తన మెడ మీద ఎంత ఆనుతోందో అంతే ఆననిస్తూ, తన చేతులు చిట్టబ్బాయి మెడ మీద పెట్టాడు.

కాసేపయింది.

"మొదలెట్టావా?" అన్నాడు చిట్టబ్బాయి.

"ఎప్పుడో మొదలెట్టాను మావయ్యా."

"ఏమీ తెలియడం లేదే."

బాబా నవ్వాడు. జమాల్ కన్నీళ్లతోనే నవ్వాడు. ఇద్దరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా చిట్టబ్బాయి కూడా నవ్వి, నవ్వుతూనే నిద్రలోకి జారిపోయాడు. మూట ఆ సాయంత్రం ఎవరు లోపల పెట్టారో ఎవరూ అడగలేదు.

ఆ రోజు నుంచీ అదే వరస. ముందు సబ్బుతో కాలు కడగడం, వేలిసందులు మెత్తటి నూలుగుడ్డతో అద్దడం, మందు రాయడం. తర్వాత మెడ దగ్గర మొదలు. గుండెల నిండా ఊపిరి తీసి వదలమనేవాడు. ఆ పైన గజ్జలు, తొడ, మోకాలు, అన్నిటికంటే ఆఖరున పాదం. అయ్యాక డాక్టరుగారు చూపించినట్టు పట్టీ చుట్టి, కాలువ గట్టు వెంట నడిపించేవాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వెళ్తుంటే ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చూసేవాళ్లకి తెలిసేది కాదు.

కాలు మామూలు కాలయిపోయిందని అబద్ధం చెప్పను. బోదకాలు అంత తేలిగ్గా పోయేది కాదు. ఆ కడగడం, ఆ కట్టడం ఆయనకి జన్మంతా ఉన్నదే. కానీ రాయిలా ఉన్న చర్మం మెత్తబడింది. ఒకరోజు పొద్దున్న చీలమండ ఎముక కనపడింది. చిట్టబ్బాయి వీధి మొత్తాన్ని పిలిచి చూపించాడు. పురుటింట్లో బిడ్డని చూసినట్టు ఆడవాళ్లు వంగి వంగి చూసి, బావుంది బావుందని వెళ్లారు.

ఉరుసుకి ముందు పచ్చ గుడ్డ ఇంటికి పంపించారు. చిట్టబ్బాయి మిషను ముందు కూర్చుని, అందర్నీ బయటికి పొమ్మని, జమాల్‌ని మాత్రం ఉండమన్నాడు. పాదం పెడల్ మీద పెట్టాడు. పట్టింది. ఒకసారి తొక్కి, ఆపి, జమాల్ మొహంకేసి చూశాడు. మళ్లీ తొక్కాడు. బయట అరుగు మీద కూర్చున్నవాళ్లకి మిషను చప్పుడు వినపడింది. ముందు ఆగి ఆగి, తర్వాత ఆగకుండా. చిట్టబ్బాయి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఉరుసు రోజు చాదర్ సమాధి మీద పరిచారు. పందిట్లో జనమంతా జమాల్ చుట్టూ మూగారు. తాలింఖానా స్నేహితులూ వచ్చారు. వైద్యులకి లొంగని కాలు నీ చేతికెలా లొంగిందిరా, ఏం పట్టు పట్టావు, మాకూ చెప్పమని ఒకటే గోల. మునుపటి జమాల్ అయితే చొక్కా చేతులు పైకి మడిచేవాడే. ఈ జమాల్ తల అడ్డంగా ఊపాడు.

"పట్టిందేమీ లేదు," అన్నాడు. "అడ్డు తప్పుకున్నాను, అంతే."

వాళ్లు అదేదో వేళాకోళం అనుకుని అతని వీపు మీద చరిచి నవ్వుకుంటూ గంధం దగ్గరికి వెళ్లిపోయారు.

పందిరి చివర బాబా చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. కూర్చున్న చోటునుంచి కొంచెం పక్కకి జరిగాడు.

జమాల్ వెళ్లి ఆ ఖాళీలో కూర్చున్నాడు.